ఠాణాలోపలి న్యాయము

పోలీసుశాఖకును, ఆ శాఖలో కొలువు చేయువారికిని నడుమ బుట్టిన వ్యాజ్యములలో శాఖపక్షమున వాదించు వకీళ్లు ప్రతి హైకోర్టునందును కలరు. మన కోర్టులలో వారిని సర్వీసెస్ గవర్నమెంటు ప్లీడర్లని యందురు. వారి పేరులు పత్రికల కెక్కవు. హత్యానేరమునుండి ముద్దాయిని విడిపించిన ప్లీడరు బజారున బోవుచుండగా జనులు వ్రేలు చూపి చెప్పుకొందురు గాని, ఒక హెడ్డు కానిస్టేబిలుయొక్క ఇంక్రిమెంటు నిలుపుదల న్యాయమా, అన్యాయమా యని పూటంతయు వాదించినవానిని గూర్చి చెప్పుకొనువా రెవరు? అయినను ఆ పూట తేలునది ఒక ఇంక్రిమెంటు మాత్రమే కాదని మా యభిప్రాయము. ఠాణా మెట్లెక్కిన సామాన్యునికి దొరకు న్యాయమునకు కొలత, ఆ ఠాణాలోనివానికి పైయధికారి చేయుచున్న న్యాయమే.

ఈ మాట వినగానే మా పాఠకులలో కొందఱు ముఖము చిట్లింతురని మే మెఱుగుదుము. ఊరేగింపులలో లాఠీదెబ్బలు తిన్నవారు, తమవారికొఱకు ఠాణాయెదుట రాత్రులు గడపినవారు ఈ పత్రికను చదువుదురు. మేమును స్వచ్ఛంద సేవకులమై ఆ లాఠీలయెదుట నిలిచినవారమే. మనలను గొట్టినవాని కొలువు ఉండిన నేమి, ఊడిన నేమి యని వారడుగుట సహజము. కాని లాఠీ యెత్తినవాడు తనంతట తా నెత్తెనా? ఎత్తుమన్నవాని పేరు ఏ కాగితముమీదను లేకుండుటకును, ఎత్తనన్నవానికి దిక్కు లేకుండుటకును గల కారణములను విచారించినయెడల మనము వచ్చి చేరునది ఈ ఉద్యోగవ్యాజ్యములకడకే. తెల్లదొరల ప్రభుత్వ మీ సంగతిని మనకంటె ముందుగా గ్రహించినది. సహాయ నిరాకరణోద్యమము పోలీసులను గూడ కదలించుచున్నదని భయపడి, పోలీసులలో అసంతృప్తిని రేపుట నేరమని 1922లో ప్రత్యేకముగ నొక చట్టమునే చేసినది. కానిస్టేబిలు మనస్సు అంత విలువగలదని పరప్రభుత్వమునకు తెలిసెను. దానిని తెలిసికొనుటకు మనమేల యింత యాలస్యము చేయవలెను?

ఆ కొలువుయొక్క స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. 1857 తిరుగుబాటు పొగ చల్లారీచల్లారకముందే, 1859లో మద్రాసు రాజధానికొఱకును, 1861లో తక్కిన రాష్ట్రములకొఱకును పోలీసుచట్టములు పుట్టినవి. ప్రజలను కాపాడుటకంటె ప్రజలను కనిపెట్టియుండుట ఆ చట్టములకు ముఖ్యము. పోలీసు ఉద్యోగి యెల్లవేళల పనిలో నున్నట్లే యెంచవలెనని 1861 చట్టముయొక్క 22వ సెక్షను శాసించినది. ఎల్లవేళల పనిలో నున్నవానికి పనివేళలు లేవు. పనివేళలు లేనివానికి అదనపుపని యనునదియు లేదు. స్వరాజ్యము వచ్చినపిదప రాజ్యాంగమునందు ప్రాథమిక హక్కులను వ్రాసికొంటిమి గదా! అందే 33వ అధికరణమున, శాంతిభద్రతలను కాపాడు బలగములకు ఆ హక్కులను పార్లమెంటు తగ్గింపవచ్చునని కూడ వ్రాసికొంటిమి. ఢిల్లీ పోలీసుల సంఘము పుట్టుచున్న దినములలోనే, 1966లో, పోలీసుబలగముల హక్కుల నియంత్రణచట్టము వచ్చినది. అనుమతి లేక సంఘములో చేరరాదు, పత్రికలతో మాటలాడరాదు, సమ్మె సంగతి చెప్పనేల? 1967లో ఢిల్లీలోను, 1973లో ఉత్తరప్రదేశములోని సాయుధదళములలోను, 1979లో పంజాబునుండి బయలుదేరి అనేక రాష్ట్రములలోను ఆ కట్టడి పగిలినది. ధర్మవీరగారి యధ్యక్షతను 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమీషను తన మొదటి నివేదికలోనే కానిస్టేబిలుయొక్క బ్రదుకును, ఆతని మొఱ వినువ్యవస్థ లేమిని చర్చించినది. ఆ నివేదిక వెలువడినది 1979 ఫిబ్రవరిలో. పంజాబు కదలినది ఆ వేసవిలోనే!

ఈ నియంత్రణలన్నియు తప్పని మేము వాదించుటలేదు. ఆయుధము ధరించినవాడు సమ్మెకట్టిన నగరమేమగునో యెఱుగుదుము. ఇంగ్లండువారును 1918లోను, 1919లోను లండను పోలీసుల సమ్మెలను చూచి వారి సమ్మెహక్కును తీసివేసిరి. కాని తీసివేసిన ఆ 1919 చట్టముతోనే వారికొఱకు పోలీసు ఫెడరేషను నొకదానిని కల్పించి, మొఱ చెప్పుకొను ద్వారము నొకటి తెఱచి యుంచిరి. ఒకచేత తీసికొన్నవారు రెండవచేత కొంతయైన నీయవలెను గదా! మన కానిస్టేబిలునకు రెండవచేత నిచ్చినది రాజ్యాంగముయొక్క 311వ అధికరణము. తన్ను నియమించిన యధికారికంటె తక్కువవాడు తన్ను బర్తరఫ్ చేయరాదు. అభియోగము తెలిపి, విచారణ జరిపి, తన మాట వినక కొలువు తీయరాదు. సంఘము లేనివానికి, సమ్మె లేనివానికి, నోరు విప్పరానివానికి మిగిలినది ఈ యొక్కటే. కనుక నిది పూర్ణముగా నుండవలెనని మేము కోరుచున్నాము.

ఈ రక్షణ ఆకాశమునుండి యూడిపడినది గాదు. దీని చరిత్రలో మన దక్షిణదేశపు పోలీసు ఉద్యోగులకు పెద్ద భాగమే కలదు. మద్రాసు రాజధానిలో రంగాచారి యను నొక సబ్ ఇన్స్పెక్టరు తన బర్తరఫును ప్రశ్నించుచు లండనులోని ప్రీవీకౌన్సిలువఱకు పోయెను. నియమించినవానికంటె తక్కువవాడు చేసిన బర్తరఫు చెల్లనేరదని ఆ తీర్పు వెలువడినది. అయితే అదేకాలమున మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయములో పనిచేసిన వెంకటరావు వ్యాజ్యమున, విచారణనుగూర్చిన నిబంధనలు తప్పినంతమాత్రమున కోర్టుకెక్కు హక్కు లేదని అదే ప్రీవీకౌన్సిలు చెప్పినది. ఒక ద్వారము తెఱచి, ప్రక్కద్వారమునకు గడియ వేసిరన్నమాట. 1935 ఇండియా ప్రభుత్వచట్టము ఆ గడియను కొంత తీసినది. మన రాజ్యాంగము పూర్తిగ తీసినది. శిక్షనుగూర్చి మఱల నొకసారి సంజాయిషీ చెప్పుకొను అవకాశమును 1976లో 42వ సవరణ లాగికొన్నది. దానిని మఱియొక రూపమున మఱల నిచ్చినది మన హైదరాబాదునగరములోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషనువారి వ్యాజ్యము: విచారణాధికారి నివేదిక నకలును, శిక్ష వేయువాడు ఒక నిశ్చయమునకు రాకమునుపే, ఉద్యోగి కీయవలెనని కరుణాకర్ కేసున 1993లో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

ఇక శాఖ వకీలుయొక్క బాధ్యత యెంతటిదో తెలియుటకు మఱియొక తీర్పును చెప్పవలెను. ఇదియు మన యాంధ్రదేశపు సబ్ ఇన్స్పెక్టరుదే. ఆతని బర్తరఫును హైకోర్టు కొట్టివేయగా, రాష్ట్రప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. శాఖావిచారణపై హైకోర్టు అప్పీలుకోర్టు కాదు, కొంత సాక్ష్యమున్నయెడల అది చాలునా చాలదా యని తూచుట దాని పని కాదు అని 1963లో శ్రీరామారావు కేసున తీర్పు వచ్చినది. అరువదియేండ్లకు మించి ఆ తీర్పును ప్రతి గవర్నమెంటు ప్లీడరును కంఠతా పెట్టుకొని కోర్టులో చదువుచున్నాడు. మంచిదే. కాని దాని తాత్పర్యమును ఆ ప్లీడరు తన కక్షిదారుకు చెప్పుచున్నాడా? సంగతుల నిజానిజములు తేలు చోటు హైకోర్టు గాదు. డీఎస్పీగారి కార్యాలయములోని విచారణగది. అక్కడ తప్పు జరిగిన పైన దిద్దువారు మిక్కిలి తక్కువ. కోర్టు దిద్దజాలనిదానిని కోర్టుకు రాకముందే దిద్దవలసినవాడు శాఖ వకీలు గాక మఱెవ్వడు?

ఆ గదిలో నేమి జరుగునో చూడుడు. అభియోగమును రచించినవాడును, విచారించువాడును, శిక్షించువాడును ఒకే శాఖవారు, ఒకే బల్లచుట్టు తేనీరు త్రాగువారు. సాక్షులా, అభియుక్తునితోటి కానిస్టేబిళ్లు. వారు నిజము చెప్పిన రేపటిదినము వారికి సెలవు మంజూరు చేయువాడు విచారణాధికారియే కావచ్చును. ప్రాథమిక విచారణలో వ్రాసికొన్న వాఙ్మూలములను, ఆ సాక్షిని పిలువకయే, మౌఖిక విచారణలో సాక్ష్యముగా జేర్చుదురు. ఎఫ్ఐఆరు నకలును దాఖలు చేసి, నేరము ఋజువైనదని వ్రాయుదురు. పత్రము దాఖలైనంతమాత్రమున ఋజువు కాదనియు, దానిని సాక్షిచే నిరూపింపవలెననియు 2008లో రూప్ సింగ్ నేగీ కేసున సుప్రీంకోర్టు చెప్పినది వారికి పట్టదు. అభియుక్తునకు ప్లీడరును సామాన్యముగ నీయరు. శాఖతరపున చట్టము చదివినవాడు కూర్చున్నచో అభియుక్తునకును వకీలు నీయవలెనని బొంబాయి ఓడరేవు కేసున 1982లోనే తీర్పు కలదు. కాని అడుగవలెనని యా కానిస్టేబిలున కెవరు చెప్పుదురు? సస్పెన్షనులో నున్నకాలమున వచ్చు జీవనభృతితో ఇంటియద్దె, పిల్లల బడిజీతము, అప్పు వాయిదా గడువవలెను. ఆ గదిలోనికి ఆతడు తన మాట చెప్పుకొనుటకు వచ్చునా, క్షమాపణపత్రము వ్రాసియిచ్చి బయటపడుటకు వచ్చునా?

పేరులేని శిక్షలను గూర్చి యిక చెప్పనక్కఱలేదు. వి.ఆర్.లో పెట్టుట, ఏ.ఆర్. హెడ్ క్వార్టర్సుకు అటాచి చేయుట, జిల్లా యీ కొననుండి ఆ కొనకు త్రోయుట: వీనికి అభియోగపత్రము లేదు గనుక విచారణయు లేదు. బదిలీలను తేల్చుటకు ప్రతి రాష్ట్రమునను పోలీసు ఎస్టాబ్లిష్మెంటు బోర్డు నేర్పఱచవలెనని 2006లో ప్రకాశ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఆజ్ఞలను అమలుపఱచితిమని కాగితముపై వ్రాయుటలో మన రాష్ట్రములకు సాటి లేదు.

అసలు విచారణయే లేకుండ కొలువు తీయు మార్గమును రాజ్యాంగమే యొకటి యుంచినది. విచారణ జరుపుట ఆచరణసాధ్యము కానిచో, కారణములను వ్రాసి, దానిని మానవచ్చునని 311వ అధికరణపు రెండవ ఖండములోని (బి) మినహాయింపు. 1985లో తులసీరామ్ పటేలు కేసున సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. సమర్థించుచునే, తేలికగను, తోచినట్లును, తమ కేసు బలహీనమైనదను భయముచేతను విచారణను మానరాదని గూడ చెప్పినది. శాఖవారు మొదటి సగమును చదివి రెండవ సగమును మఱచుచున్నారు. రైల్వే రక్షణదళములోని యొక యుద్యోగిని విచారణ లేక తీసివేసి, సాక్షులను పిలిచిన వారి గుట్టు బయటపడునని కారణము వ్రాసిరి. అది కారణమే కాదని 1991లో ఆ యాజ్ఞ కొట్టుపడినది. అదేకాలమున పంజాబు పోలీసు ఉద్యోగి జస్వంత్ సింగ్ కేసులోను, అధికారి తనకు తోచినదని వ్రాసిన చాలదు, తోచుటకు ఆధారము చూపవలెనని తీర్పు వచ్చినది.

2024 అక్టోబరులో తెలంగాణమున జరిగినదానిని పాఠకులు మఱచియుండరు. ప్రత్యేక పోలీసు పటాలముల కానిస్టేబిళ్ల భార్యలు, బిడ్డలను చంకనిడికొని వీధికెక్కిరి. భర్తలకు సెలవులు లేవనిరి. అందఱిని ఒక్క పోలీసుశాఖగ జేయుచు 'ఏక్ పోలీస్' విధానము కావలెననిరి. పిమ్మట కానిస్టేబిళ్లును కదలిరి. సర్కారువారు 39 మందిని సస్పెండు చేసి, 10 మందిని ఆ (బి) మినహాయింపుక్రిందనే, విచారణ లేకయే, కొలువునుండి తొలగించిరి. ఆ పదిమందియు నిర్దోషులని వాదించుట మా యుద్దేశము గాదు. యూనిఫారము ధరించి వీధికెక్కుట క్రమశిక్షణకు భంగమే. కాని వారిని విచారించుట యేల యసాధ్యమైనది? నగరము నడుచుచున్నది, కోర్టులు నడుచుచున్నవి, సాక్షు లందఱును సర్కారు జీతగాండ్రే. భార్య నోరు విప్పినందుకు మగని కొలువు పోయినదని ఒక పటాలము నమ్మినచో, ఆ పటాలమును రేపు ప్రజలమీదికి పంపినపుడు దానికి గల న్యాయబుద్ధి యెట్టిది? ఆ యాజ్ఞపై సంతకము పడకముందు ఏ వకీలైనను "కారణము లేవి? వ్రాసి చూపుడు" అని యడిగియుండవలెను. అట్లడుగుటకే ఆయనకు సర్కారు ఫీజు నిచ్చుచున్నది.

ఇంతవఱకు కానిస్టేబిలుపక్షము చెప్పితిమి. కాని విచారణను చక్కగ జరుపుట యనునది మంచివానికి మాత్రమే మేలు చేయదు. చెడ్డవానిని శిక్షించుటకును అదియే మార్గము. దీనిని మన ప్రజలు బొత్తిగ గుర్తింపకున్నారు. ఖైదీని గొట్టి చంపినవానిపై క్రిమినలు కేసులు తఱచు వీగిపోవును. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణా ఘోరమునకు నగరమంతయు భగ్గుమనెను. ముక్తదర్ న్యాయమూర్తిగారి కమీషను విచారించెను. అయినను కేసు కర్ణాటకములోని రాయచూరుకు మాఱి, అక్కడ ముద్దాయిలగు పోలీసు లందఱును విడుదలైరి. క్రిమినలు కోర్టు సందేహమునకు తావులేని ఋజువు కోరును. శాఖావిచారణకు అంత యక్కఱలేదు, సంభావ్యత యెటు మొగ్గునో చాలును. కనుక కోర్టులో తప్పించుకొన్నవాడు శాఖలో తప్పించుకొననక్కఱలేదు. మఱి తప్పించుకొనుచున్నాడేల? సాక్షిని పిలువలేదు, నివేదిక నకలీయలేదు, అధికారము లేనివాడు సంతకము చేసెను. హైకోర్టు ఆ దోషమును చూచి ఆజ్ఞను కొట్టివేయును. మఱల విచారింపవచ్చునని సెలవిచ్చినను ఆ ఫైలు బీరువానుండి వెలికిరాదు. చేయి చేసికొన్న దుష్టుడు పాతబకాయిలతో సహా తిరిగి ఠాణాకు వచ్చి అదే కుర్చీలో కూర్చుండును. పలుకుబడి గలవాడు మంచి వకీలును పెట్టుకొని ఆ దోషమును పట్టించుకొనును. పలుకుబడి లేని పేదకానిస్టేబిలు అదే దోషమునకు బలియై ఊరికి పోయి కూలి చేసికొనును. ఇదియా క్రమశిక్షణ?

ఈ వ్యాజ్యములకు చోటును మాఱుచునే యున్నది. 371-డి అధికరణముక్రింద ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునలు 1976లో ఏర్పడినపుడు, దాని తీర్పు తనకు రుచింపనిచో ప్రభుత్వమే రద్దు చేయవచ్చునను వింత యేర్పాటుండెను. ఓడిన కక్షిదారే తీర్పు నెత్తివేయుట! సాంబమూర్తి కేసున 1986లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఆ ట్రిబ్యునలును తెలంగాణమున 2016లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను ఎత్తివేయుటతో కేసులన్నియు హైకోర్టుల నెత్తిన పడినవి. యువకుడుగ రిట్టు వేసినవాడు నెరసినతలతో తీర్పు వినుచున్నాడు. ఆలస్యము సర్కారునకు సొమ్ముదండుగ, ఉద్యోగికి బ్రదుకుదండుగ.

కనుక మేము శాఖాధికారులను కోరునది పెద్దది కాదు. వకీలును శిక్ష వేసినపిదప కౌంటరు వ్రాయుటకు గాక, శిక్ష వేయకముందే సలహా యడుగుటకు పిలువుడు. ఆయన వ్రాసిన యభిప్రాయమును ఫైలులో నుంచుడు. దానిని త్రోసివేసిన యధికారి తన కారణమును వ్రాసి దానిక్రింద సంతకము చేయవలెను. విచారణాధికారి అభియుక్తుని పైయధికారి కాక వేఱు జిల్లావాడై యుండవలెను. విచారణ లేని బర్తరఫు వకీలు వ్రాతపూర్వకమైన సమ్మతి లేక జరుగరాదు. ఇందులకు క్రొత్తచట్ట మక్కఱలేదు, ఒక మెమో చాలును. వకీళ్లను గోరునదియు కలదు. శాఖవారు పంపిన పేరావారీ వివరణలను తెచ్చి, 'అభియోగము లన్నియు ఋజువైనవి' యను పాతమాటను క్రింద జేర్చి, కౌంటరని దాఖలు చేయుట వకాల్తా కాదు, నకలు వ్రాయుట. ఓడవలసిన కేసును గెలిపించినందుకు గర్వించువారిని మేము మా వృత్తిలో చాలమందిని చూచితిమి. ఓడవలసిన కేసును కోర్టుకు రాకుండ జేసినవారిని కొలదిమందినే చూచితిమి.

అట్టివా రొకరి సంగతి మా యెఱుకలో నున్నది. 21 దినములకు మించి సెలవు లేక పోయెనని యొక కానిస్టేబిలును పరారీ క్రింద కట్టి, కొలువునుండి తీసివేసిరి. ఆ ఫైలు శాఖపక్షమున వాదించుటకై యాయనకడకు వచ్చెను. ఆయన దానిని మొదటినుండి చదివెను. నోటీసు నంటించిన క్వార్టరును ఆ కానిస్టేబిలుచే రెండునెలలముందే ఖాళీ చేయించిరి. ఖాళీ చేయించినవారును శాఖవారే. తల్లి యాసుపత్రిలో నున్నదని యాతడు పంపిన యర్జీ అదే ఫైలులో, విప్పని కవరులో, వెనుక పుటలకు కుట్టబడియుండెను. ఆయన కౌంటరు వ్రాయలేదు. ఆ కవరును విప్పి, పైన పెట్టి, "దీనిని చదివి యాజ్ఞను ఉపసంహరింపుడు, లేనిచో దీనిని నేనే కోర్టులో చదువవలసివచ్చును" అని యొక వాక్యము వ్రాసి ఫైలును త్రిప్పి పంపెను. ఆజ్ఞను ఉపసంహరించిరి. ఆ కానిస్టేబిలు నేడు పనిలో నున్నాడు. ఆ కార్యాలయమునుండి మాత్రము ఆరునెలలవఱకు ఆ వకీలుగారికి మఱియొక ఫైలు రాలేదు.